తెరిచి ఉంచిన బ్రేకు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. కానీ ఆ గింజల గోదాములో ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. అక్కడ అందరికీ ఆమె ఫేజమ్మ. టెస్టరు జేబులో పెట్టుకుని నిచ్చెన ఎక్కిన మొదటి రోజు ఎవరో వెటకారంగా అన్న మాట అలాగే అంటుకుపోయింది. కాలు ఒకచోట నిలవని మనిషి. అన్నం ముందు కూర్చున్నా మధ్యలో లేచి, మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు సంగతి తేల్చి వస్తే గానీ ముద్ద దిగదు.

ఆ పని ఆమెకు నేర్పింది మామగారే. ఆయన అదే గోదాములో ఎలక్ట్రీషియన్‌గా జీవితమంతా గడిపి, మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున ఉండిపోయారు. ఆయన కూతురు, అంటే ఫేజమ్మ ఆడపడుచు, అక్కడే కింద కంట్రోలు గదిలో ప్యానెల్ ఆపరేటరు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. వాకీటాకీలో వీళ్ళ మాటలు వింటే ఏ వదిన ఏ వదినకి చెబుతోందో బ్రహ్మదేవుడికి కూడా అంతుపట్టదని లోడింగు వాళ్ళు నవ్వుకుంటారు.

ఆ గోదాములో పెద్ద బెల్టు ఒకటుంది. నేల కింద గోతిలోంచి గింజల్ని ఎత్తి, వాటిని నిల్వచేసే ఎత్తైన సైలో నెత్తిమీదికి మోసుకుపోతుంది. చుట్టూ రేకులు కొట్టిన పొడవాటి సొరంగంలో, ఏటవాలుగా పైకి ఎక్కే బెల్టు అది. పై చివర చిన్న గది. ఆ గదిలో మోటారు, మోటారు వెనక బ్రేకు.

ఆ బ్రేకు తీరు మామూలు బ్రేకుకు తలకిందులు. కరెంటు వస్తే వదులుతుంది, కరెంటు పోతే పట్టుకుంటుంది. లోపలి స్ప్రింగులు బ్రేకు బిళ్ళను ఎప్పుడూ బిగించి నొక్కే ఉంచుతాయి. కాయిల్లోకి కరెంటు వెళ్ళినంతసేపే అయస్కాంతం ఆ పట్టును వెనక్కి లాగి ఉంచుతుంది. గింజల బరువుతో ఉన్న బెల్టు, కరెంటు పోగానే వెనక్కి జారకూడదని ఆ ఏర్పాటు.

కానీ కిందటి నెలలో జారింది. నిండా గింజలతో నడుస్తుండగా కరెంటు పోయింది. బ్రేకు పట్టలేదు. బెల్టు గిర్రున వెనక్కి తిరిగి, మోస్తున్నదంతా గోతిలోకి కుమ్మరించింది. కింద ఊడుస్తున్న మనిషి నడుము దాకా కూరుకుపోయి, పక్కటెముకలు విరిగి, ఇంకా మంచం మీదే ఉన్నాడు. షిఫ్టు ఇంజనీరు పైకెక్కి చూస్తే, బ్రేకు వైర్లు మోటారుకు కాకుండా, బ్యాటరీ మీద వెలిగే ఎమర్జెన్సీ దీపాల లైనుకు కలిపి ఉన్నాయి. కరెంటు ఉన్నా, పోయినా ఆ లైను బతికే ఉంటుంది. అంటే బ్రేకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎన్నేళ్ళ నుంచో అది పట్టిందే లేదు.

"ఇది ఎవరి చేతి పని?" అన్నాడు ఇంజనీరు. ఎవరిదో అందరికీ తెలుసు. ఫేజమ్మ మొహం చూసి ఎవరూ నోరు విప్పలేదు. "సరే, ఎవరిదైతే ఏం. సెలవురోజు చూసుకుని సరిగ్గా కలిపెయ్యండమ్మా. ఇంకో మనిషి కూరుకుపోకముందే."

ఆ మాటలో తప్పేమీ లేదు.

సెలవురోజు పొద్దున మామగారు వరండాలో పాత ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. ఫేజమ్మ పనిముట్ల సంచి సర్దుకుంటూ, పెద్ద విషయం కానట్టు చెప్పింది.

"ఇవాళ పెద్ద బెల్టు బ్రేకు పని ఉంది మామయ్యా."

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "బిళ్ళ అరిగితే మార్చు. గ్యాపు సర్దు. వైర్ల జోలికి మాత్రం పోకు."

"ఆ మనిషి ఇంకా లేచి కూర్చోలేకపోతున్నాడు మామయ్యా."

"తెలుసు." ఫ్యాను రెక్క మీద దుమ్మును బొటనవేలితో తుడిచారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు. "తెలుసమ్మా. నాకు నిద్రపట్టడం లేదు అందుకే."

"మరి అలా ఎందుకు కలిపారు?"

"చెప్తే నవ్వుతావు."

"నవ్వను, చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. ఇంతలో గేటు దగ్గర్నుంచి, "వదినా! బస్సు మన కోసం కాపురం పెట్టి కూర్చోదు!" అని ఆడపడుచు కేక. ఫేజమ్మ సంచి భుజాన వేసుకుని పరుగందుకుంది. పెద్దాయనకు తన పనిని కోడలు దిద్దుతోందని చిన్నతనంగా ఉందేమో, సాయంత్రం బుజ్జగించాలి అనుకుంది దారిలో.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. పై గదికి బయటి ఇనుప మెట్ల మీదుగా ఎక్కి, తడిసిన జుట్టు విదుల్చుకుని ఫేజమ్మ పనిలో పడింది. గదిలో పుల్లటి వాసన. తడి తగిలి పులిసిన గింజల వాసన, పావురాల రెట్ట వాసన, గ్రీజు వాసన కలగలిసి. రేకుల మీద వాన చప్పుడుకి తన దగ్గు తనకే వినపడటం లేదు. గదికి ఒక పక్క బెల్టు లోపలికి వచ్చే పెద్ద నోరు. ఆ నోటి అవతల సొరంగం కిందికి, ఇంకా కిందికి, చీకట్లోకి దిగిపోతోంది. బయటికి వెళ్ళే తలుపు గదిలోనే, ఆ నోరు దాటాక ఆ పక్కనుంది. మోటారు ఇవతలి మూల.

బ్రేకు మూత విప్పి, అరిగిన బిళ్ళ పొడి బ్రష్షుతో దులిపింది. సన్నటి కొలత రేకు దూర్చి సందు చూసుకుంది. ఎమర్జెన్సీ లైను స్విచ్చి దించితే సొరంగం పొడుగునా వెలుగుతున్న గుడ్డి దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. నుదుటి లైటు వేసుకుని, ఆ లైనుకు కలిపి ఉన్న రెండు వైర్లను చూసింది.

అప్పుడు మొదటిసారి చెయ్యి వెనకాడింది.

అది తొందరలో పొరపాటున కలిపిన కలపడం కాదు. కొసలకు చక్కగా రాగి తొడుగుల్లాంటి లగ్గులు నొక్కి, స్క్రూలు ఊడకుండా రెండేసి వాషర్లు వేసి, పైన టేపు పొరమీద పొర చుట్టి ఉంది. అంత శ్రద్ధగా మామగారు ఇంట్లో మెయిను బోర్డు కూడా కట్టలేదు. ఆ టేపు కోయడానికి ఆమెకు చాలాసేపే పట్టింది.

రెండు వైర్లూ తెచ్చి, ఉండవలసిన చోట, మోటారు టెర్మినళ్ళకు బిగించింది. వాకీటాకీ తీసింది.

"వదినా, సప్లై ఇవ్వు. ఒక్కసారి తిప్పి ఆపెయ్యి."

"ఇస్తున్నా వదినా, చేతులు తీసెయ్."

టక్. బ్రేకు తెరుచుకుంది. బెల్టు కదిలింది, కొంచెం దూరం పైకి పాకింది. ఆగింది. టక్. స్ప్రింగులు బిళ్ళను కరుచుకున్నాయి. ఫేజమ్మ బెల్టు మీద రెండు చేతులూ వేసి బలమంతా పెట్టి నెట్టింది. రాయిలా ఉంది. చాన్నాళ్ళకు అది బ్రేకులా ప్రవర్తించింది.

"భలే పట్టింది వదినా. మెయిన్ దించి తాళం పెట్టు, మూత బిగించేసి వస్తా. టీ పెట్టించు."

"టీ ఎప్పుడో పెట్టా. చల్లారితే నన్నని లాభం లేదు."

నవ్వుకుంటూ మూతకు బోల్టులు వెతుక్కుంటోంది. దూలం మీది పావురాలన్నీ ఉన్నట్టుండి లేచాయి. గదిలో గుడ్డిగా ఒక చుట్టు చుట్టి, వానలోకే పోయాయి. ఆమెకేదో కుదురు లేనట్టయింది. ఒక బోల్టు చేతిలోంచి రెండుసార్లు జారింది. లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

వాన కాస్త తెరిపిచ్చింది.

అప్పుడు వినిపించింది.

దబ్.

సొరంగం అడుగునుంచి. కొంచెం ఆగి, మళ్ళీ... దబ్.

ఎవరో పైకి వస్తున్నారు. బెల్టు పక్కన నడవడానికి ఇనుప జల్లెడ దారి ఉంది. దాని మీద నడిస్తే ఖణఖణమంటుంది. ఇది ఆ చప్పుడు కాదు. రబ్బరు మీద బరువైన బూటు పడుతున్న చప్పుడు. అడుగు పడ్డప్పుడల్లా బెల్టును మోసే రోలరు కింద మూలుగుతోంది. ఆ వెంటనే గింజలు జలజల రాలుతున్నాయి... ఖాళీ బెల్టు మీద.

"వదినా, కింద ఎవరినైనా బెల్టెక్కనిచ్చావా?"

"ఇవాళ ఎవరున్నారే ఎక్కడానికి? గేటు దగ్గర వాచ్‌మన్, ఇక్కడ నేను. సొరంగం తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది."

దబ్... జలజల. దబ్... జలజల.

నుదుటి లైటు సొరంగంలోకి తిప్పింది. వెలుగు కొంత దూరం పోయి దుమ్ములో ఆగిపోయింది. బెల్టు నల్లగా, ఖాళీగా ఉంది. ఏమీ లేదు. కానీ వెలుగు అందని చోట రోలర్లు ఒకదాని తర్వాత ఒకటి మూలుగుతూ వస్తున్నాయి. పులిసిన గింజల వాసన గుప్పుమంది.

"ఎవరది?"

అడుగులు ఆగలేదు. తడబడనూ లేదు. పనిలోకి వస్తున్న మనిషి నడకలా, అంత మామూలుగా ఉంది.

తలుపు వైపు పరిగెత్తాలనుకుంది. కానీ పోవాలంటే ఆ నోటి ముందు నుంచే పోవాలి. వెనక్కి జరిగి మోటారుకు ఆనుకుంది. భయానికి చెయ్యి ఏదో ఒకదాన్ని పట్టుకోబోయి, బ్రేకును చేత్తో వదిలించే లివరును పట్టుకుంది. తనకు తెలియకుండానే లాగేసింది.

బ్రేకు వదిలింది. బెల్టు మెల్లగా కిందికి జారింది.

దబ్... దబ్... దబ్... అడుగులు పడుతున్నాయి. కానీ దగ్గర పడటం లేదు.

లివరు వదిలేసింది. బెల్టు బిగుసుకుంది. వెంటనే అడుగు ముందుకు పడింది. రోలరు మూలిగింది... ఇంకా దగ్గర్లో.

మళ్ళీ లాగింది. బెల్టు జారింది. అడుగులు ఉన్నచోటే ఉన్నాయి. నడిచేవాడు ఎక్కుతున్నాడు, బెల్టు కిందికి పోతోంది. ఎక్కినంత మేరా దిగిపోతున్నాడు.

ఆమెకు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఆ లగ్గులు, ఆ వాషర్లు, పొరమీద పొర టేపు. కరెంటు పోయినా పోని లైను వెతికి వెతికి కలపడం. మామగారు బ్రేకును పాడుచెయ్యలేదు. అది పట్టకుండా చూసుకున్నారు. పట్టిందంటే... ఆ మనిషికి మెట్లు దొరికినట్టే.

వాకీటాకీ గరగరలాడింది. "వదినా, ఏంటి పలకవు? పడ్డావా?"

"ఎవరో... వస్తున్నారు... బెల్టు మీద..."

"ఉండు, మోటారు వేసి దడిపిస్తా—"

"వద్దు!" గొంతు చీరుకుపోయింది. "వద్దే తల్లీ! మోటారు వేస్తే బెల్టు పైకే వస్తుంది! ఇటే వస్తుంది!"

అవతలినుంచి చాలా చిన్న గొంతుతో, "నన్ను రమ్మంటావా?"

"సొరంగంలోకి రాకు. తలుపు తియ్యకు. అక్కడే ఉండు."

లివరు కింద స్ప్రింగులు మొండివి. అది ఒక్క క్షణం లాగి వదలడానికి పెట్టిన లివరే గానీ పట్టుకు కూర్చోవడానికి కాదు. మోచెయ్యి అప్పుడే పట్టేస్తోంది. ఒంటి చేత్తో పనిముట్ల సంచి దగ్గరికి లాక్కుని, దాని పట్టీ ఊడదీసి, పళ్ళతో పట్టుకుని లివరుకు చుట్టింది. రెండో కొస మోటారు కాలికి బిగించి కట్టింది. నెమ్మదిగా చెయ్యి వదిలింది. పట్టీ సాగింది. ఆగింది. బెల్టు జారుతూనే ఉంది.

ఇప్పుడు ఆ రెండు వైర్లు.

స్క్రూ విప్పుతోంది. చేతికి చెమట. స్క్రూడ్రైవరు జారి వేలిలో దిగింది. లెక్కచెయ్యలేదు. ఒక వైరు వచ్చింది. రెండోది రావడం లేదు... ఇందాక తన బలమంతా పెట్టి బిగించింది తనే.

దబ్ దబ్ దబ్ దబ్.

నడక మారింది. అతనికి అర్థమైంది... కింద నేల జారిపోతోందని అర్థమైంది. ఇప్పుడు పరిగెడుతున్నాడు. బెల్టు ఇంకా వేగంగా జారుతోంది. గింజలు రేకుల మీద వడగళ్ళలా కొడుతున్నాయి. పట్టీ కొసలో కుట్లు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు... టప్... టప్...

వెనక్కి చూడకు. చూడకు. రెండో వైరు ఊడింది.

ఎమర్జెన్సీ లైను టెర్మినలు. ఒకటి దూర్చింది. బిగించింది. రెండోది దూర్చింది...

పట్టీ తెగింది.

టక్. బ్రేకు పట్టింది.

ఒక్క అడుగు. రెండు. నోటి దగ్గర రోలరు... ఆమె చెయ్యి చాస్తే అందే రోలరు... కిర్రుమని కుంగింది. చల్లటి, పుల్లటి గాలి మెడ మీద పడింది.

స్క్రూ బిగించలేదు. వైరును వేలితోనే అదిమిపట్టి, రెండో చేత్తో స్విచ్చి పైకి కొట్టింది.

వేలు జివ్వుమంది. దవడలు బిగుసుకున్నాయి. వదల్లేదు.

టక్.

బ్రేకు తెరుచుకుంది. సొరంగం పొడుగునా గుడ్డి దీపాలు వెలిగాయి. బెల్టు ఒక్క ఊపున కిందికి జారింది. ఆ బరువేదో దానితో పాటే... దబదబలాడుతూ, దొర్లుతూ, దూరమై, ఇంకా దూరమై... అడుగున గోతిలో గింజల్లోకి ఏదో మెత్తగా దిగబడ్డ చప్పుడు.

తర్వాత వాన తప్ప ఏమీ లేదు.

స్విచ్చి దించి, స్క్రూ బిగించి, మళ్ళీ వేసే ధైర్యం ఆమెకు లేదు. వైరు మీద వేలు అలాగే పెట్టి, వేలు మొద్దుబారుతుంటే ఇన్సులేషను ఉన్న స్క్రూడ్రైవరుతో, కరెంటు ఉండగానే బిగించింది. మామగారు ఆ పని చూస్తే చెంప పగలగొట్టేవారు. ఇంకో మాట లేకుండా ఆ నోటి ముందు నుంచి పరిగెత్తి, బయటి మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి దిగింది. మెట్ల కింద వానలో ఆడపడుచు నిలబడి ఉంది. ఆమె చేతిలో టీ గ్లాసులో వాన నీళ్ళు నిండుతున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయారు.

"ఇంజనీరుకి ఏం చెప్పను?" అంది ఆడపడుచు చివరికి.

"కాయిలు కాలిపోయిందని చెప్పు. కొత్తది వచ్చేదాకా బెల్టు ఖాళీ చేశాకే ఆపమను. కింద ఊడ్చేవాళ్ళని, బెల్టు తిరిగినంతసేపూ గోతిలోకి దిగనివ్వద్దను." పళ్ళు టకటకలాడుతుంటే చెప్పింది. "కొత్తది వస్తే అదీ కాలిపోతుంది. ఎన్ని కాలిపోతాయో చూద్దాం."

సాయంత్రం ఇంటికొచ్చాక ఫేజమ్మ బట్టలు కూడా మార్చుకోలేదు. కుర్చీలో కూర్చోలేక, గోడకు ఆనుకోలేక, వరండా ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉంది. మామగారు ఆమె వేలి మీద బొబ్బ చూశారు. ఏం జరిగిందని అడగలేదు. వెన్న తెచ్చి రాశారు.

"మళ్ళీ కలిపేశావా?"

"కలిపేశాను."

ఆయన ఊపిరి వదిలారు. బిగబట్టి ఉన్నారని అప్పటిదాకా ఆమెకు తెలియలేదు.

"ఎవరు మామయ్యా అది?"

"తెలీదు తల్లీ. నేను చేరకముందు ఆ గోతిలో గింజల కింద ఊపిరాడక పోయారని కొందరంటారు. అలాంటిదేం లేదని కొందరంటారు. నేను ఆరా తియ్యలేదు. బ్రేకు పట్టి ఉంటే ఎక్కుతారు. వదిలేసి ఉంటే ఎక్కలేరు. నాకు తెలిసింది అంతే. తెలిసిన రోజే ఆ లైనుకు కలిపేశాను. అది తెరిచి ఉంటే బతికున్నవాళ్ళ మీద పడుతుందని కూడా తెలుసు. రెండింటిలో ఏది మేలో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను."

ఎక్కుతారు, ఎక్కలేరు అంటుంటే, పోయినవాడి మీద మర్యాదతో అలా అంటున్నారనుకుంది ఫేజమ్మ.

"నోటి దాకా వచ్చేశాడు మామయ్యా. చెయ్యి చాస్తే తగిలేవాడు. ఆ బూట్ల చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు."

"బూట్లు అతనివే," అన్నారు మామగారు. "అతను వెనకాల వచ్చేవాడు. మరి, చెప్పుల్లేకుండా ముందు నడిచే ఆవిడో?"

ఫేజమ్మ తిరగడం ఆగిపోయింది.

"ముందా? ముందెవరూ లేరే. అతనొక్కడే వచ్చాడు."

మామగారు ఆమె మొహం వైపు చూడలేదు. భుజం మీదుగా, ఆమె వెనక ఉన్న చీకటి వాకిలి వైపు చూశారు.

"అతనొక్కడే ఎప్పుడూ రాడమ్మా," అన్నారు, గొంతు బాగా తగ్గించి. "ఆవిడ పైకి చేరాకే... అతను కదులుతాడు."